పక్కన తీసిపెట్టిన పండ్లు

నాచారం,
నవంబరు 18

ప్రియమైన స్వర్ణకు,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను. కొట్టేస్తే కాగితం ఖరాబవుతుందని వదిలేశాను. అంతకు మించి ఏమీ అనుకోకు.

నాచారం నుంచి ఉప్పల్‌కు బస్సెక్కితే పావుగంట. అయినా పోస్టులో రాస్తున్నాను. నీ నంబరు మరియా చేత బ్లాక్ చేయించాను. నీ గొంతు వింటే నా నోట్లోంచి ఏం వస్తుందో నాకే తెలియదు. కాగితం మీదయితే కాస్త ఆలోచించి తిట్టవచ్చు.

ఆదివారం నా బిడ్డ మరియా నిశ్చితార్థం. మోకాలి నొప్పని నువ్వు రాలేదు. రాకపోవడమే మంచిదైంది. ప్రార్థన అయింది, పిల్లలు ఉంగరాలు మార్చుకున్నారు, కేకు కోశారు. నీ అరటిపండ్ల కేకే. మీ ఇంట్లో కార్తీక పున్నమికి సత్యనారాయణ వ్రతం కాగానే ఏటా పంపినట్టే మీ అబ్బాయి వీరేందర్ చేత మూడు డజన్ల పండ్లు పంపావు కదా. తొక్క నల్లబడి లోపల మెత్తగా తీయగా అయ్యేదాకా పది రోజులు బియ్యం డబ్బా పక్కన మాగబెట్టాను. శనివారం సాయంత్రం వాటిని పిసికి పెరుగు, వంటసోడా, మైదా కలిపి, మూడు టిన్నులు చౌరస్తా బేకరీ వాళ్ళ భట్టీలో కాల్పించుకొచ్చాను. పైన వెన్న, పొడి చక్కెర గిలకొట్టిన క్రీము వేలెడు మందం పూశాను.

కాబోయే అల్లుడు శామ్యూల్ తల్లి రెండు ముక్కలు తింది. మూడోదానికి ప్లేటు చాపి, ఏమేశావని అడిగింది. బాగా మాగిన అరటిపండ్లు అన్నాను గొప్పగా. తిని, చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వచ్చింది. పక్కింటి మేక కోసం తొక్కలన్నీ బకెట్లో వేసి పెట్టాను. ఆమె అందులోంచి ఒక తొక్క ఎత్తి పట్టుకుంది. దానికి అగరుబత్తి పుల్ల గుచ్చి ఉంది. దాని కింది తొక్క మీద కుంకుమ బొట్టు.

"గిది పూజల పెట్టిన పండు గద వదినా. దేవుడు వద్దన్నదాన్నే మాకు తినవెట్టినవా?"

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. నాకు తెలియదని చెప్పాను. చూపు సరిగా ఆనదు, పుల్ల కనబడలేదన్నాను. నా స్నేహితురాలు నమ్మించి ఇచ్చిందన్నాను. వాళ్ళు భోజనం చేయకుండా మౌలాలి వెళ్ళిపోయారు. వండిన బిర్యానీ వీధంతా పంచాను.

జనవరి పదికి అనుకున్న పెళ్ళి ఇప్పుడు ఉందో లేదో తెలియదు. ఆమె ఫోను చేసి ఒకటే షరతు పెట్టింది. పండ్లు పంపిన ఆ ఇంటితో రాకపోకలు తెంచుకుంటేనే ముందుకు పోదామని. మరియా రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు.

మల్లాపూర్‌లో మందుల కంపెనీ ప్యాకింగ్ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నప్పటి నుంచి ఒకరి డబ్బా ఒకరం తిన్నాం. మేము ఏం తింటామో ఏం తినమో నీకు తెలుసు. తెలిసే ఇచ్చావా? ఇన్నేళ్ళూ ఇలాంటివే ఇచ్చావా? అదే నన్ను కాల్చేస్తోంది.

పెళ్ళంటూ జరిగితే నువ్వు రావద్దు. కార్డు పంపను.

ఇట్లు,
ఇంకా ఏమని రాయాలో తెలియని
విక్టోరియా


ఉప్పల్,
నవంబరు 22, శనివారం

ప్రియమైన విక్టోరియక్కకు,

నేను మాత్రం తెలిసే రాశాను ప్రియమైన అని. నాకు కొట్టివేతలు లేవు.

నీ ఉత్తరం మా ఆయన ఆగయ్య చదివి పెడతానన్నాడు. ఇవ్వలేదు. నువ్వు నన్ను తిట్టింది ఇంకొకరి నోట వినే అవసరం నాకు లేదు. ఒక్కపొద్దు ఉన్నదాన్ని, పొద్దున్నుంచి చాయ్ తప్ప ఏమీ లేదు. కడుపులో ఉన్నది కోపం ఒక్కటే, అది రాస్తున్నాను.

నీకు గుర్తుందో లేదో. మనం పనిలో చేరిన రెండో ఏడు వ్రతం ప్రసాదం తెచ్చి నీ డబ్బా మూత మీద పెట్టాను. నువ్వు వద్దనలేదు. తినలేదు కూడా. కాగితంలో చుట్టి పక్కన పెట్టి, సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చావు. నేను వెనక నుంచి చూశాను. ఒక్క మాట అనలేదు. ఆ మరుసటేటి నుంచి పీట వేసి కలశం పెట్టకముందే నీ వంతు పండ్లు తీసి, దేవుడి గది గడప దాటనివ్వకుండా వంటింటి అటక మీద పెడతాను. మా అత్త ఉన్నన్నాళ్ళూ అడిగేది, దేవుడి కన్నా ముందు ఎవరికి తీస్తున్నావని. నా స్నేహితురాలికి అని చెప్పి తిట్లు తిన్నాను. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే మేలు చేసి చాటుకున్నట్టు ఉంటుందని.

ఈ ఏడు మోకాలు లేవనివ్వక మంచం మీద ఉన్నాను. అయినా కోడలు దీపను పిలిచి, విక్టోరియక్కకు పండ్లు పక్కన తీసిపెట్టమని ముందే చెప్పాను. తీసిపెట్టింది. నా కళ్ళతో బుట్ట చూశాను. కాబట్టి ఆ పుల్ల ఎక్కడిదో నన్ను అడగకు. మీ ఇంటి సందులో ఎవరిదో అడుగు.

ఇక నా వంతు. మరియా మొదటి పుట్టినరోజు శనివారం వచ్చింది. కేకులో గుడ్డుంటుందని నేను మంచినీళ్ళు తాగి వచ్చేశాను. నీ మొహం ఎంత చిన్నబోయిందో ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. మరుసటేడు ముక్క చేతిలో పెట్టి "తిను, ఏం గాదు" అన్నావు. తిన్నాను. అప్పటి నుంచి ఇరవయ్యారేళ్ళుగా, శనివారమా కాదా అని చూడకుండా, నువ్వు పెట్టిన ప్రతి ముక్కా తిన్నాను. ఇంటికి వచ్చి తలస్నానం చేసి, వెంకన్నకు దండం పెట్టి, పాపమైతే నాకే తగలనీ, ఆమెను ఏమీ అనకు అని చెప్పుకున్నాను. గుడ్డేశావా అని ఒక్కసారైనా నిన్ను నిలదీశానా? నువ్వు ఒక్క పుల్ల చూసి నన్ను పదిమందిలో దొంగను చేశావు. ఉల్టా చోర్ కొత్వాల్‌కో డాంటే, దొంగే పోలీసును దబాయించడం అంటే ఇదే.

ఇంకొక మాట. నీ కంటి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. మొన్న దసరాకు వచ్చినప్పుడు మా బియ్యంలో రాళ్ళు నువ్వే ఏరి పెట్టావు. ఆ చూపుకు జానెడు పుల్ల ఆనలేదా?

పెళ్ళికి రావద్దన్నావు. పిలవని పేరంటానికి వెళ్ళే రకం కాదు నేను.

ఇట్లు,
నీ చేతి ముద్ద తిన్న పాపానికి
స్వర్ణలత


నాచారం,
నవంబరు 27

స్వర్ణా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి చింపేద్దామనుకున్నాను. మరియా లాక్కుంది.

గుడ్డు గురించి రాశావు కదా. విను. ఆ కేకులో గుడ్డు లేదు. ఇరవయ్యారేళ్ళుగా లేదు. నువ్వు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయిన రోజు నేను ఆ కేకు తినలేకపోయాను. మా చర్చిలో ఒక ముసలామె, బాగా కుళ్ళేదాకా మాగిన అరటిపండు పిసికి వేస్తే గుడ్డు పని అదే చేస్తుందని చెప్పింది. అందుకే పండ్లు. లేకపోతే నల్లబడ్డ పండ్లతో నాకేం పని? మొదటి మూడుసార్లు పిండి పిండిగానే ఉండిపోయింది. పెరుగు పెంచి, సోడా తగ్గించి, భట్టీ వేడి మార్చి, చివరికి పొంగింది. అయినా కాస్త బరువుగానే ఉంటుంది. మా ఆయన జ్ఞానయ్య, దేవుడి దగ్గర చల్లగా ఉండాలి, ప్రతిసారీ ముక్క ఎత్తి చూసి "విక్టోరియా, గోడ కట్టుకోవచ్చు దీంతోని" అనేవాడు. ఆ ఇటుక కనబడకుండా ఉండడానికే పైన అంత క్రీము. నాకు సోకులు ఎక్కువని మీ వాళ్ళంతా నవ్వేవాళ్ళు కదా. ఆ సోకు నీ శనివారం కోసం.

నేను కూడా చెప్పలేదు. తిను, ఏం గాదు అన్నాను. అంటే ఏం గాదనే. నువ్వు నమ్మకుండా తిని, తలస్నానాలు చేసి, నా తరఫున క్షమాపణలు చెప్పుకున్నావన్నమాట. నా మీద నీకున్న నమ్మకం అంత. నేను నీకు గుడ్డు పెట్టి ఏం గాదని చెప్పే మనిషినా? అది చదివాక ఒళ్ళు మండిపోయింది. పండ్ల కన్నా దీనికే ఎక్కువ మండింది.

అయినా పుల్ల పుల్లే. అది గాల్లోంచి రాలేదు. మా సందులో ఎవరిదో అడుగు అని రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది? మీ ఇంటి బుట్టలోంచే వచ్చింది. నీ కోడలిని ఒకసారి అడిగి చూడు, ఆ తర్వాత నాతో మాట్లాడు.

శామ్యూల్ రోజూ ఫోను చేస్తున్నాడు. పిల్లవాడు మంచివాడు, కానీ తల్లి మాట దాటడు. దాటమని మరియా అడగదు. నిన్న మరియా నన్ను అడిగింది, చిన్నమ్మ లేకుండా పెళ్ళి ఎట్ల చేసుకోవాలని. అలాగే చేసుకోవాలన్నాను. నా బిడ్డ పెళ్ళి ఆగిపోవడం కన్నా నువ్వు రాకపోవడమే నయం.

విక్టోరియా


ఉప్పల్,
డిసెంబరు 4

ప్రియమైన విక్టోరియక్కకు,

నీ కంటి సంగతి అడిగితే గుడ్డు సంగతి చెప్పావు. సరే, అది పక్కన పెడతాను.

ముందు గుడ్డు గురించే. ఇరవయ్యారేళ్ళు నీ పాపం మోస్తున్నానని గొప్పపడ్డాను. మోయడానికి అక్కడ ఏమీ లేదట. నిన్ను నమ్మకపోవడం ఒక్కటే పాపం, అది నాదే. దానికి ఏ తలస్నానం చేయాలో తెలియడం లేదు.

తర్వాత దీపను అడిగాను. నేను అడిగిన తీరుకు బెదిరిపోయి ముందు ఏడ్చింది. ఆ తర్వాత చెప్పింది. నేను చెప్పినట్టే పండ్లు ముందే పక్కన తీసిందట. కానీ అవి అలా వట్టిగా బుట్టలో ఉంటే దానికి మనసొప్పలేదట. దాని మాటలే రాస్తున్నాను.

"మరియాకు పెండ్లి కుదిరింది గద అత్తమ్మా. మంచిగుండాలని బుట్ట దేవుని ముందర వెట్టి, బొట్టువెట్టి, ఒక బత్తి ముట్టిచ్చిన. తప్పయితదని నాకెట్ల తెలుస్తది? మీరెన్నడు చెప్పలే."

నిజమే. ఎన్నడూ చెప్పలేదు. పక్కన తీసిపెట్టు అన్నాను, ఎందుకో చెప్పలేదు. నీకు చెప్పనిది, మా అత్తకు చెప్పనిది, కోడలికీ చెప్పలేదు. దాచుకుని దాచుకుని చివరికి ఇలా చేశాను. నువ్వు అన్నది నిజం. పండ్లు పూజలో పెట్టినవే. మీ సందును అన్నందుకు నన్ను క్షమించు. నీ మీద అంత ఎగిరాక ఇది రాయడానికి నాకు వారం పట్టింది.

మా ఆయన ఒక ఉపాయం చెప్పాడు. "అది దోమల అగరుబత్తి అని చెప్పు, అయిపాయె." నిజంగానే మా ఇంట్లో దోమలకు కూడా బత్తులు వెలిగిస్తాం, నమ్ముతారు కూడా. కుంకుమ బొట్టు కూడా దోమలకే పెట్టామా అని అడిగాను. పేపరు తీసి చదువుకున్నాడు.

అందుకని సోమవారం మోకాలికి పట్టీ కట్టుకుని, ఆటో మాట్లాడుకుని మౌలాలి వెళ్ళాను. శామ్యూల్ ఫోను నంబరు మా వీరేందర్ దగ్గర ఉంది, ఇల్లు శామ్యూలే చెప్పాడు. రైలు పట్టాల పక్క సందు, మూడో ఇల్లు, గేటుకు క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి అప్పుడే వెదురు కర్ర పాతుతున్నారు. ఆమె నన్ను లోపలికి రమ్మని కుర్చీ వేసింది, నీళ్ళు ఇచ్చింది. నేను ఎవరో చెప్పాక ఎదుటి కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకుంది.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఏటా ముందే తీసిపెట్టే సంగతి, ఈసారి కోడలు తెలియక ప్రేమ కొద్దీ చేసిన పని, అంతా. దీప మీద వేయలేదు, చెప్పకపోవడం నాదే తప్పన్నాను. నేను పెళ్ళికి రాను, విక్టోరియక్క ఇంటి గడప తొక్కను, మీరు మాత్రం పిల్లల తేదీ మార్చకండి అన్నాను. ఇందులో విక్టోరియక్కకు ఏమీ తెలియదు, ఆమెకు చూపు ఆనదు అని కూడా చెప్పాను. అది నిజమో కాదో నీకే తెలియాలి. నేను అడగను.

ఆమె గేటు దాకా వచ్చి, ఆటో ఎక్కేటప్పుడు మోచెయ్యి పట్టుకుంది. అంతే.

నా కోపం పోయిందనుకోకు. ఇరవయ్యారేళ్ళు గుడ్డు లేదన్న ఒక్క ముక్క చెప్పి ఉంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?

ఇట్లు,
నీ
స్వర్ణ


నాచారం,
డిసెంబరు 9

ప్రియమైన స్వర్ణా,

నిన్ను మౌలాలి వెళ్ళమని ఎవరు చెప్పారు? మోకాలు వాచినదానివి, ఆ సందులో కాలు మడతపడి ఉంటే? నన్ను ఒక్క మాట అడగకుండా, నా వియ్యపురాలి ఇంటికి వెళ్ళి, నా తరఫున మాట్లాడి, నేను చేయని మంచితనం నాకు అంటగట్టి వచ్చావు. నీ ఉత్తరం చదివి నేను ఎంత సిగ్గుపడ్డానో నీకు తెలియాలి. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు చూపు ఆనుతుంది. శుభ్రంగా ఆనుతుంది.

శనివారం సాయంత్రం పండ్లు ఒలుస్తుంటే మూడో పండుకే పుల్ల కనబడింది. బొట్టు కనబడింది. చాకు కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. పారేయాలి, అదే సరయిన పని. బయట బండి మీద పచ్చి పండ్లు తప్ప లేవు, అది ఒక సాకు. అసలు సంగతి అది కాదు. పారేయడానికి చెయ్యి రాలేదు. ఎవరో నా బిడ్డ కోసం దండం పెట్టుకుని పంపారని ఆ బొట్టు చూడగానే అర్థమైంది. నువ్వే అనుకున్నాను. దీప అని ఇప్పుడు తెలిసింది. పుల్ల ఊడబెరికి తొక్కకే గుచ్చి బకెట్లో వేశాను. నా ప్రభువుకు నేను ప్రార్థన చేసుకున్నాను, పండ్లు పిసికాను. ఆయనకు నాకు మధ్య అది తేలిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు ఆమె ఆ తొక్క ఎత్తి పట్టుకునేసరికి నా ధైర్యమంతా పోయింది. తెలిసే చేశాననాలి. బదులుగా నీ పేరు చెప్పాను. నమ్మించి ఇచ్చిందన్నాను. నువ్వు ఎదురుగా లేవు కదా, సులువయింది. ఆ తర్వాత నీకు రాసిన తిట్లన్నీ, స్వర్ణా, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే రాశాను. నిన్ను ఎంత గట్టిగా తిడితే నేను అంత తెలియనిదాన్ని అవుతాననిపించింది. ఇన్నేళ్ళూ ఇలాంటివే ఇచ్చావా అని అడిగాను చూడు, ఆ మాట అడిగినందుకు నా నోరు పడిపోవాలి.

నువ్వు నా అబద్ధాన్ని కూడా మోసుకుని మౌలాలి దాకా వెళ్ళాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఆదివారం చర్చి కాగానే మరియాను వెంటబెట్టుకుని వెళ్ళాను. దారిలో దానికి చెప్పాను. పెళ్ళి పోవచ్చు బిడ్డా అన్నాను. "పోతే పోనియ్ మమ్మీ, చిన్నమ్మ మీద అబద్ధం జెప్పి చేసే పెండ్లి నాకొద్దు" అంది. నా కడుపున పుట్టి దానికి ఈ బుద్ధి ఎక్కడ నుంచి వచ్చిందో.

శామ్యూల్ తల్లి నీకు వేసినట్టే కుర్చీ వేసింది. చూశాను, తెలిసే చేశాను, నా స్నేహితురాలు నమ్మించలేదు, భయపడి తప్పు దాని మీద వేశాను అని చెప్పాను. శామ్యూల్ తలుపు దగ్గర నిలబడి గోడకున్న సున్నం గీకుతున్నాడు. ఆ పండ్లు తినడం తనకు ఇప్పటికీ తప్పేనని, అది మాత్రం మార్చుకోనని ఆమె అంది. మారమని నేను అడగలేదన్నాను. తనకు కోపం పండ్ల మీద కన్నా దాచినందుకే ఎక్కువని, మొన్న ఒకామె వచ్చి తప్పు నాదే అంది, ఇవాళ నువ్వొచ్చి తప్పు నాదే అంటున్నావు, మీ ఇద్దరూ కలిసి ఎట్లా బతికారో అంది. ఆ తర్వాత కొంచెం ముందుకు వంగి, ఇన్నాళ్ళూ అడగాలనుకుని ఆపుకున్నట్టు అడిగింది.

"అది సరే గని వదినా, కోడిగుడ్డు లేకుంట గంత ఎట్ల పొంగింది?"

గుడ్డు సంగతి మరియా శామ్యూల్‌కు, శామ్యూల్ తల్లికి చెప్పారట. మరియా నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. నేను పెరుగు, సోడా లెక్క చెప్పాను. ఆమె కాగితం మీద రాసుకుంది. షరతు గురించి మళ్ళీ ఎత్తలేదు. వచ్చేటప్పుడు, పెళ్ళి ముందు రోజు కేకు చేసేటప్పుడు తాను కూడా వచ్చి చూస్తానంది. పండ్లు తెచ్చే ఆవిడను కూడా ఉండమను, బుట్ట తానే విప్పుతానంది. అది అనుమానమో మర్యాదో నాకు తెలియదు. రెండూ అయి ఉండవచ్చు.

జనవరి పది శనివారం. కేకులో గుడ్డు లేదు, తలస్నానం అక్కర్లేదు. నాలుగు డజన్లు తే, పదిరోజుల ముందే కొని మాగబెట్టు. దీపను కూడా తీసుకురా. దాని దండం వట్టి చేతులతో పెట్టుకోమను, నాకు అదే కావాలి. పండ్లు మాత్రం అటక మీదే ఉంచు.

నీ నంబరుకు బ్లాక్ మరియా తీసేసింది, నాకు ఎలా తీయాలో తెలియదు. ఫోను నువ్వే చెయ్యి. నాకు ఇంకా కోపం ఉంది, కానీ ఎవరి మీదో ఈ ఉత్తరం మొదటి నుంచి చదివితే నీకు తెలుస్తుంది.

ఇట్లు,
నిన్ను దొంగను చేసిన
నీ విక్టోరియక్క